పాత రేజరుకు చింతపండు పెట్టకండి

విశాఖపట్నంలో పాత సేఫ్టీ రేజర్లకు కరువు లేదు. రేవు, రైల్వే, షిప్‌యార్డు, నౌకాదళం ఉన్న ఊరు. రోజూ గడ్డం గీసుకుంటే తప్ప డ్యూటీ ఎక్కనివ్వని ఉద్యోగాలు తరాల తరబడి చేసిన మగవాళ్ల ఊరు. వన్‌టౌన్‌లోనో అల్లిపురంలోనో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టే ముందు సామాను సర్దుతుంటే ట్రంకు పెట్టె అడుగున ఒక రేజరు బయటపడుతుంది. వాడి వాడి అరిగిపోయిన రేజరును నేను అరుదుగా చూశాను. పెట్టెలో దశాబ్దాలు పడి ఉండి చెడిపోయినవి కూడా తక్కువే. చాలా రేజర్లు చెడేది పెట్టెలోంచి బయటికి వచ్చిన తరువాతి ఆదివారం, మనవడి చేతుల్లో. ఆ ఆదివారం మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి.

ఇలాంటి వస్తువులు చేరదీస్తానని పేరు పడింది కాబట్టి బంధువులు, తెలిసినవాళ్లు నా దగ్గరికి తెస్తుంటారు. అందరి ప్రశ్నా ఒకటే: ఇది మెరవాలంటే ఏం చేయాలి? మెరవడం ఎందుకని నేను తిరిగి అడిగితే వింతగా చూస్తారు. వాళ్ల తప్పు కాదు. పండగ ముందు రోజు దీపపు కుందులు, పంచపాత్ర, గంట దింపి చింతపండు, ఉప్పు వేసి తోమడం చూస్తూ పెరిగినవాళ్లం. పాత లోహం కనిపిస్తే చేయి దానంతట అదే చింతపండు డబ్బా వైపు వెళుతుంది.

కుందికి ఆ వైద్యం సరిపోతుంది. కుంది పైనుంచి లోపలిదాకా ఇత్తడే. పులుపు ఒక పొరను కరిగిస్తే కింద మళ్లీ ఇత్తడే కనిపిస్తుంది. పాత రేజరు నిర్మాణం వేరు. లోపల ఇత్తడి, పైన నికెల్ పూత. ఆ పూత మందం సాధారణంగా కొన్ని మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తు చేసుకుంటే అదెంత పలుచనో అర్థమవుతుంది. బంగారు పూత రేజర్లలో బంగారం చాలాసార్లు ఒక మైక్రానుకు కూడా చాలదు. కళాయి వేసిన గిన్నెను ఇటుక పొడితో తోమితే మన అమ్మమ్మలు ఊరుకునేవారా? రేజరు విషయంలో ఆ తెలివి మనకు గుర్తుకు రావడం లేదు.

చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం. పూత ఎక్కడా దెబ్బతినకుండా ఉంటే ఇవి ఒకటి రెండు నిమిషాల్లో కొంప ముంచవు. అరవై, డెబ్బై ఏళ్ల పూత అలా ఉండదు. కంటికి కనిపించని సన్న రంధ్రాలు, గీతలు దాని నిండా ఉంటాయి. ఆమ్లం వాటిలోంచి దిగి ఇత్తడిని పట్టుకుంటుంది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన మిశ్రమం. ముందు పోయేది జింకు. రాగి మిగిలి అక్కడ గులాబీ రంగు మచ్చ తేలుతుంది. చాలామంది ఆ మచ్చను చూసి మురికి పోయి అసలు రంగు బయటపడిందని సంతోషిస్తారు. నిజానికి అక్కడ లోహంలో కొంత భాగమే పోయింది. ఏ పాలిష్ రుద్దినా అది తిరిగి రాదు. చింతపండుకు ఉప్పు కూడా తోడైతే క్లోరైడు చేరి పని మరింత త్వరగా ముగుస్తుంది.

పులుపు మానేసి సీసాలో దొరికే ఇత్తడి పాలిష్ వాడవచ్చా అంటే, అదీ వద్దంటాను. వాటిలో సన్నని రాపిడి పొడి ఉంటుంది. కొన్నిటిలో అమ్మోనియా కూడా ఉంటుంది. అద్దాలు తుడిచే ద్రవాల్లో కొన్నిటిదీ అదే సంగతి. ఇత్తడికి, అమ్మోనియాకు పడదన్న విషయం మన దేశంలోనే, వానాకాలంలోనే బయటపడింది. బ్రిటిష్ హయాంలో సైన్యం తూటాలను వర్షాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానలు తగ్గాక తీసి చూస్తే ఇత్తడి తొడుగులు వాటంతట అవే పగిలి ఉండేవి. కారణం 1921లో తేలింది. గుర్రాల మూత్రం నుంచి పుట్టిన అమ్మోనియా తేమ గాలిలో కలిసి, తయారీలో సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడికి తోడై, లోహాన్ని చీల్చింది. ఇక రేజర్ల సంగతికి వస్తే, 1920ల నాటి గిల్లెట్ కంపెనీ రేజరు పిడుల్లో పలుచని ఇత్తడి గొట్టంతో చేసినవి ఉన్నాయి. గుండ్రటి గుబ్బ ఉన్న పిడుల్లో నిలువు పగుళ్లు పాత రేజర్లు చూసేవాళ్లకు బాగా పరిచయం. అలాంటి పిడికి, అదీ విశాఖ వానాకాలంలో, అమ్మోనియా వాసన చూపించడం ఎందుకు?

టూత్‌పేస్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది అమాయకంగా కనిపిస్తుంది. పంటి ఎనామెల్ గట్టిది, పేస్టులోని సున్నపు పొడికో సిలికాకో తట్టుకుంటుంది. నికెల్ మీద అదే పొడి సాలెగూడు లాంటి సన్న గీతలు పెడుతుంది. బంగారు పూతనైతే గుడ్డకే అంటించి పంపుతుంది. ఎర్ర పళ్లపొడి గురించి మాట్లాడనే వద్దు. అది గరుకు కాగితానికి బంధువు.

ఇంతవరకు ఇత్తడి గురించే చెప్పాను. చేతికి వచ్చినది ఇత్తడేనా కాదా అన్నది మొదట తేల్చుకోవాలి. పూత లేచిన చోట పసుపు రంగు, మూలల్లో ఆకుపచ్చ చిలుము ఉంటే ఇత్తడి. చేతికి మరీ తేలికగా ఉండి, బూడిద తెలుపు పొడి పట్టి ఉంటే అల్యూమినియం. దీనికి పులుపు కన్నా క్షారం శత్రువు. చాకలి సోడా, గిన్నెలు తోమే బూడిద, ఘాటైన డిటర్జెంటు తగిలితే నల్లబడి గుంటలు పడుతుంది. బరువుగా ఉండి, పూత బుడగలుగా లేచి, విరిగిన చోట బూడిద రంగు గరుకుగా కనిపిస్తే అది జింకు మిశ్రమం. దీన్ని ఆమ్లమూ తింటుంది, క్షారమూ తింటుంది. పూత కింద తెల్ల పొడి రావడం మొదలైతే మీరు ఆపగలిగేది కొద్దిగానే. కడిగి, ఆరబెట్టి, ఉన్నన్నాళ్లు వాడుకోవడమే. ఇక నల్లగా, గోధుమ రంగుగా ఉండే గట్టి పిడులూ డబ్బాలూ చాలావరకు బేకలైట్. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన ఈ పదార్థం మరిగే నీళ్లకు, బ్లీచింగ్ ద్రవానికి మెరుపు పోగొట్టుకుని మట్టి ముక్కలా తయారవుతుంది.

ఎర్రటి మరక చూసి తుప్పు పట్టిందని బెంబేలు పడేవాళ్లు ఉన్నారు. ఇత్తడికి ఎర్ర తుప్పు రాదు. ఆ మరక బ్లేడుది. 1960ల మొదట్లో స్టెయిన్‌లెస్ బ్లేడ్లు వ్యాపించే దాకా బ్లేడ్లు కార్బన్ స్టీలువి. తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పట్టేవి, ఆ తుప్పు రేజరు మీదికి దిగేది. చాలాసార్లు అది సబ్బు పొరలో చిక్కుకుని ఉంటుంది కాబట్టి సబ్బు పొర వదిలితే దానితోపాటే వదులుతుంది. ఇనుప పీచు తీసుకునే అవసరం రాదు.

మరి ఎలా కడగాలి? చెప్పుకోవడానికి సిగ్గుపడేంత సాదాగా. రేజరు మూడు ముక్కలదైతే విప్పండి. చేతికి సుఖంగా ఉండేంత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి నానబెట్టండి. అడుగున పాత తువ్వాలు ముక్క పరవండి, సింకులో జారిపడి తల వంగిన రేజర్లు ఎన్నో ఉన్నాయి. అరగంట తరువాత బాగా మెత్తబడిన పాత టూత్‌బ్రష్‌తో, పేస్టు లేకుండా, తిప్పుతూ రుద్దండి. తల అంచున దువ్వెనలా ఉండే పళ్ల మధ్య, మరచుట్లలో పేరుకున్నదాన్ని చెక్క పుల్లతో గీకండి. పిన్నీసు, సూది, చాకు వద్దు. ఆ తెల్లటి పెచ్చు ఏమిటనుకున్నారు? సబ్బులోని కొవ్వు ఆమ్లాలు నీటిలోని కాల్షియంతో కలిసి గట్టిపడిన పదార్థం. బోరు నీళ్ల ఇళ్లలో మందంగా ఉంటుంది. ఒక పూటలో వదలకపోతే నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టండి. మూడు పూటలు పట్టినా రేజరుకు తొందర లేదు, తొందరంతా మనదే.

నగలకు వాడే కుంకుడు రసం పనికొస్తుందా అని అడుగుతారు. పనికొస్తుంది. వడకట్టి వాడండి, గింజ ముక్కలు గీతలు పెడతాయి. కుంకుడు కూడా కాస్త ఆమ్ల గుణం ఉన్నదే కాబట్టి అందులో రాత్రంతా ఉంచకుండా, రుద్దిన వెంటనే కడిగేయండి.

ఆకుపచ్చ చిలుము మొండిగా మిగిలితే ఆ చోట మాత్రం ఒక చుక్క నూనె వేసి, మరుసటి రోజు చెక్క పుల్లతో తీయండి. అప్పటికీ పోని నల్లటి నీడలు, పసుపు మరకలు ఉంటాయి. వాటిని వదిలేయమని నా సలహా. చాలామందితో నాకు పేచీ వచ్చేది ఇక్కడే. మురికి వేరు, వయసు వేరు. మురికి చర్మానికి హాని చేస్తుంది, మరలో అడ్డుపడుతుంది, తేమను పట్టి ఉంచుతుంది. దాన్ని తీయాలి. నికెల్ మీద వచ్చిన మసక ఎవరి గడ్డానికీ అడ్డం రాదు.

మా బావగారు ఈ మాట ఒప్పుకోరు. గాజువాకలో ఉంటారు, ఉద్యోగమంతా లోహాలతోనే గడిపి రిటైరయ్యారు. కాబట్టి ఆయనతో వాదన అంత తేలిక కాదు.

"పూత పోయిందని తెలుస్తూనే ఉంది. కొత్త పూత వేయించక మసకను ముద్దు చేస్తావేమిటోయ్? బండి బంపరుకు వేయించుకోమా?" అన్నారు.

"బంపరుతో గడ్డం గీసుకోం కదా, బావగారూ."

ఆయన నవ్వారు గానీ వదల్లేదు. "ఇత్తడి బయటపడి ఉంటే సముద్రపు గాలి తినేయదా? పూత ఉన్నది అందం కోసమే కాదు" అన్నారు. అందులో న్యాయం ఉంది. తల లోపలి భాగంలో ఇత్తడి బాగా బయటపడి, రోజూ వాడే రేజరైతే కొత్త పూత వేయించుకోవచ్చు. నా అభ్యంతరం పూత మీద కాదు, పూతకు ముందు జరిగే పని మీద. పూత వేసేచోట వస్తువును మొదట బఫింగ్ చక్రానికి ఆనిస్తారు. బండి భాగాలకు అలవాటైన చేయి రేజరుకు కూడా అదే ఒత్తిడి ఇస్తుంది. సేఫ్టీ రేజరు పనితనమంతా బ్లేడు అంచుకు, దాని కింది రక్షణ కమ్మీకి మధ్య ఉన్న సందులో ఉంది. ఆ సందు మిల్లీమీటరులో చిన్న భిన్నం. కమ్మీ అంచు ఒక పక్క ఎక్కువ అరిగితే ఆ పక్క బ్లేడు చర్మాన్ని కొరుకుతుంది. మెరుపు కోసం వెళ్లి, గీసుకోవడానికి పనికిరాని బొమ్మను తెచ్చుకున్నట్టవుతుంది.

బఫింగ్‌లో అక్షరాలు కూడా పోతాయి. 1950ల మొదటి నుంచి అమెరికాలో తయారైన గిల్లెట్ రేజర్ల తల కింద ఒక అక్షరం, ఒక అంకె చెక్కి ఉంటాయి. అక్షరం ఏడాదికి, అంకె మూడు నెలల పాదానికి గుర్తు. ఎఫ్ 4 అని ఉంటే 1960 చివరి పాదం. రేజరు వయసు చెప్పగల ఆధారం అదొక్కటే కావచ్చు. అది లేకపోతే ఇంట్లో కథలు పెరుగుతాయి. "మా ముత్తాతది, 1903 నాటిది" అని ఒకరు నాతో ఢంకా బజాయించి చెప్పారు. గిల్లెట్ కంపెనీ అమ్మకాలు మొదలుపెట్టిన ఆ ఏడాది మొత్తం ప్రపంచంలో అమ్ముడైనవి 51 రేజర్లు. మరుసటి ఏడాది 90,884. ఆ 51లో ఒకటి మన కొత్తరోడ్డుకు నడిచి వచ్చిందంటే నాకు నమ్మకం కుదరలేదు. ఆయన చేతిలో ఉన్నది పిడి చివర తిప్పితే తల మీద రెండు రెక్కలు తెరుచుకునే రకం. గిల్లెట్‌లో ఆ ఏర్పాటు వచ్చింది 1934లో. నేను పోట్లాడలేదు. కుటుంబ చరిత్రలతో పోట్లాడకూడదు.

ఆ రెక్కల రకానికి ఇంకొంచెం ఓపిక కావాలి. దాన్ని విప్పడానికి వీలుండదు, విప్పాలని చూడకూడదు. ఏళ్ల తరబడి సబ్బు గడ్డకట్టి తిరగకపోతే పట్టకారు పట్టుకోకండి. పిడి మీది గాడులు నలిగి, లోపలి కడ్డీ మెలి తిరిగితే రెక్కలు మళ్లీ సమంగా మూసుకోవు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో రాత్రంతా ఉంచి, ఆరాక కీళ్ల దగ్గర, పిడి అడుగున ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, మరో రోజు వదిలి, గుడ్డతో పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. లోపల పాత బ్లేడు అతుక్కుని ఉండవచ్చు, వేళ్లు జాగ్రత్త. బ్లేడు సందును పెంచి తగ్గించుకునే అంకెల చక్రం ఉన్న రకాల్లో ఆ అంకెల మీది రంగు కేవలం పెయింటు. మరిగే నీళ్లు, అసిటోన్, గరుకు బ్రష్ మూడూ దాన్ని లేపుతాయి.

కొబ్బరి నూనె ఎందుకు వేయకూడదంటారా? ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది కాబట్టే అందరూ వేస్తారు. డిసెంబరు రాత్రుల్లో అది గడ్డకడుతుంది, నెలలు గడిస్తే కీళ్లలో జిగురై ధూళిని పట్టుకుంటుంది. ఆముదం ఇంకా జిగట. కుట్టుమిషన్ నూనె గడ్డానికి దగ్గరగా వద్దనుకుంటే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఒక్క చుక్క చాలు.

ఇంట్లో మా అత్తగారి అభ్యంతరం వేరు. "ఎవరి గడ్డం గీసిందో ఏమో, నీళ్లు మరిగించి వేసెయ్యి నాయనా" అంటారు. ఆవిడ భయాన్ని కొట్టిపారేయను. రక్తం తగిలే వస్తువు అది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన ఉపరితలం మీద కనీసం 7 రోజులు బతకగలదు. పెట్టెలో దశాబ్దాలు ఉన్న రేజరు మీద దానికి అంత ఆయుష్షు లేదు, కానీ నిన్నటిదాకా మరొకరు వాడినది కొనుక్కొచ్చారేమో. కాబట్టి మొదట సబ్బు పొరను పూర్తిగా వదిలించండి, మురికి కింద దాక్కున్నదాన్ని ఏ మందూ చేరదు. తరువాత 70 శాతం ఆల్కహాలు ఉన్న స్పిరిట్‌తో పది నిమిషాలు తడిగా ఉంచండి. నూరు శాతం ఆల్కహాలు ఇంకా మంచిదనుకోకండి. ప్రొటీన్లను విరగ్గొట్టడానికి నీరు కూడా కావాలి, పైగా శుద్ధ ఆల్కహాలు పని పూర్తికాకముందే ఆవిరైపోతుంది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడికి, లక్క లాంటి పారదర్శక పూతకు మాత్రం స్పిరిట్ తగలనివ్వవద్దు. లోహపు తలకు పరిమితం చేయండి. బ్లీచింగ్ ద్రవం అసలు వద్దు, నికెల్‌నూ ఇత్తడినీ రెండింటినీ పాడుచేస్తుంది.

వేరే ఊళ్లో ఉన్నవాళ్లకు కడగడంతో పని సగం అయిపోతుంది. ఇక్కడ అసలు పని అప్పుడే మొదలవుతుంది. సముద్రం ఒడ్డునే ఉన్న లాసన్స్ బే కాలనీలో కిటికీ గొళ్లాలు ఎంత త్వరగా పోతాయో అక్కడివాళ్లను అడగండి. సముద్రపు గాలి వెంట కంటికి కనిపించని ఉప్పు రేణువులు ఇంట్లోకి వస్తాయి. గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు దానంతట అదే గాలిలోని నీటిని పీల్చుకుని ద్రవంగా మారుతుంది. మన ఊళ్లో ఆ గీత దాటని రాత్రులు ఎన్ని? అంటే పొడిగా కనిపించే రేజరు మీద కూడా ఉప్పునీటి చుక్కలు ఉంటాయన్నమాట. పూతలోని రంధ్రాల గుండా క్లోరైడు దిగి లోపలి ఇత్తడిని పట్టుకుంటే పైన ఆకుపచ్చ పొక్కులు లేస్తాయి. ఉప్పును గుడ్డతో తుడిస్తే పోదు, నీటితో కడిగితేనే పోతుంది. అందుకే గడ్డం గీసుకున్న ప్రతిసారీ ధారగా కడగండి. తీరానికి దగ్గరలోని బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివరి కడుగు ఆర్వో నీళ్లతో చేయండి, ఒక గ్లాసు చాలు. తరువాత విదిలించి, విప్పి, తువ్వాలు మీద ఆరబెట్టండి.

పటిక వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. పటిక నీరు ఆమ్లమే. గడ్డానికి రాసిన తడి చేత్తో రేజరు పట్టుకుంటే పిడి మీద వేలిముద్రల ఆకారంలో మసక వస్తుంది. రేజరు కడిగి పక్కన పెట్టాకే పటిక ముట్టుకోండి.

ఇక స్నానాలగది. వేడి నీళ్ల ఆవిరి, మూసిన తలుపు, ఆరని గోడలు. అక్కడి అద్దం కింద స్టాండులో రేజరు నిలబెట్టడం చూడటానికి బాగుంటుంది. నేను పడకగది అలమరలో పెడతాను. గట్టి మూతపడే డబ్బాలో కాకుండా నూలు గుడ్డలో చుట్టి పెడతాను, పక్కన సిలికా జెల్ సంచి ఒకటి. ఆ సంచి వానాకాలంలో తేమ పీల్చుకుని త్వరగా నిండిపోతుంది, అప్పుడప్పుడు మారుస్తూ ఉండాలి. తోలు పెట్టెలో ఉంచమని బావగారు అంటారు, అసలు పెట్టె అదేనట. తోలుకు మన తేమలో బూజు పడుతుంది. పైగా పచ్చి తోలును శుద్ధి చేసే (ట్యానింగ్) రసాయనాల్లో ఆమ్లాలు ఉంటాయి, ఇత్తడి వాటిని ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే చిలుము పట్టడం ఖాయం. పెట్టెను వేరుగా దాచుకోండి, రేజరును వేరుగా. ఈ ఒక్క విషయంలో ఆయన నాకు ఇంకా జవాబు చెప్పలేదు.